మన నేల, కింది ఇంటి కప్పు



కార్యదర్శి గారు నన్ను రెండు మాటలు చెప్పమంటే బోర్డర్ కబుర్లు చెబుతాననుకున్నారేమో. నేను ఇంట్లో బరువులు ఎత్తడం గురించి చెబుతాను. నవ్వకండి, నవ్వుతున్న వాళ్ళ ఇళ్ళల్లో మంచం కింద డంబెల్స్ ఉన్నాయని నాకు తెలుసు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా చిన్నప్పుడు ఊళ్ళో కుర్రాళ్ళు సంగిడీ రాళ్ళు ఎత్తేవారు. రాయి చెయ్యి జారితే మట్టిలో దిగబడేది, అంతే. యూనిట్లోనూ మట్టి గ్రౌండే. మా జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110 కిలోలు, 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో బార్ వదిలేస్తే ముందు తగిలేది రబ్బరు ప్లేట్లు, వాటి కింద చెక్క వేదిక. ఎక్కడైనా దెబ్బని మింగేది ఏదో ఒకటి ఉంటుంది. మన ఫ్లాట్లో ఉండేది టైలు. అది మింగదు, పగులుతుంది.

రిటైరై పుణెలో మూడో అంతస్తులో ఉంటున్నాను. అలవాటు ప్రకారం పొద్దున్న ఆరింటికి డంబెల్స్ పట్టుకునేవాణ్ణి. కింద ఒక పరుపు ముక్క వేసి, ఇక చాలనుకున్నాను. ఒకరోజు ఇరవై కిలోలది చేతిలోంచి జారింది. పరుపు చిరగలేదు గాని కింద టైలు నాలుగు ముక్కలైంది. మా ఆవిడ అన్న మాటలు ఈ సభలో చెప్పలేను.

ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి లెక్క వేశాడు. మీటరు ఎత్తు నుంచి పడిన ఇరవై కిలోలు 2 మిల్లీమీటర్లలో ఆగితే ఆ దెబ్బ సుమారు పది టన్నులట. అదే 2 సెంటీమీటర్లలో ఆగితే ఒక టన్నే. అంటే ఆగడానికి చోటివ్వాలి, దెబ్బని వెడల్పుగా పరచాలి. మెత్తటి ఫోము ఒక్క దెబ్బకే అణిగిపోతుంది. పైగా దాని మీద కాలు నిలవదు.

ముందు రూపాయి బిళ్ళతో టైల్స్ తట్టి చూశాను. బోలుగా మోగిన చోట కింద సిమెంటు పట్టలేదన్నమాట, ఆ చోటు వదిలేశాను. బాల్కనీ జోలికి పోలేదు. గోడవార పాత దుప్పటి పరిచి, దాని మీద 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు వరసలు, అతుకు మీద అతుకు రాకుండా వేసి స్క్రూలు బిగించాం. పైన గట్టి రబ్బరు మ్యాట్. రబ్బరు నేరుగా నేలకి తగిలితే మరక పడొచ్చు, దుప్పటి అందుకే. నెలకోసారి ఎత్తి కింద చెమ్మ, చెదలు చూసుకోవాలి.

టైలు సంగతి అంతటితో అయిపోయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. మా కింది ఫ్లాట్లో సతారా వైపు మాజీ నాయక్ ఒకాయన ఉంటాడు. రాత్రంతా సెక్యూరిటీ గార్డు డ్యూటీ చేసి పొద్దున్న ఆరింటికి వచ్చి పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే నా పి.టి. మొదలు! ఆరు నెలలు భరించాడు. ఆయన భార్య లిఫ్టులో మా ఆవిడతో అంటే తెలిసింది. నేను కిందికి దిగి వెళ్ళి చూశాను. కప్పు ప్లాస్టరింగులో సన్నటి చీలిక. దాని కింద మంచం ఉండేదట, అవతలి గోడకి జరిపేసుకున్నారు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "ఆప్ సుబేదార్ సాబ్ హైఁ" అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరి ముందూ నాకంత సిగ్గనిపించలేదు.

మరమ్మతు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు ఆయన లేచి టీ తాగే సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెడతాను. చెయ్యి వణకక ముందే ఆపేస్తాను. బరువుని వదలను, దించుతాను. ఎంత మ్యాట్ వేసినా స్లాబు గుండా 'ధడ్' మనే చప్పుడు తగ్గుతుందే గాని పోదు. వినిపిస్తోందా అని ఆయన్ని అడిగితే "నహీఁ సాబ్" తప్ప ఇంకో మాట రాదు. అందుకని అప్పుడప్పుడు మా అబ్బాయిని పైన ఎత్తమని చెప్పి, నేను వాళ్ళింట్లో కూర్చుని వింటాను. మంచం మాత్రం ఇంకా అవతలి గోడకే ఉంది.

జై హింద్.