పని ఇంట్లోనా, ఆఫీసులోనా: ఎవరి ఇష్టం? ఎవరి ఖర్చు?

(ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళకు ఇంటి నుంచి చేసే పని మంచిదా, ఆఫీసుకు వెళ్ళి చేసే పని మంచిదా అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఈ ప్రశ్న కరోనాతోనే పుట్టిందని చాలామంది అనుకుంటున్నారు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టేసరికి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు ఖాళీ అయ్యాయి. ల్యాప్‌టాప్‌లు ఇళ్ళకు చేరాయి. రెండు మూడేళ్ళు గడిచాక కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి రమ్మన్నాయి. కొందరిని వారానికి మూడురోజులు, కొందరిని ఐదురోజులూ రమ్మన్నాయి. ఇంటికి పంపినప్పుడూ, వెనక్కి పిలిచినప్పుడూ నీకేది వీలమ్మా అని మనల్ని అడిగినవాళ్ళు తక్కువ.

అయితే ఇంటి దగ్గర కూర్చుని పరాయివాళ్ళకు పనిచేసి పెట్టడం మన ఆడవాళ్ళకు కొత్త కాదు. ఆ పాత అనుభవాన్ని ముందు చూద్దాం.

నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీలు ఊరూరా కనిపిస్తారు. తునికాకు, తంబాకు, దారం కంపెనీ తరఫు మనిషి ఇస్తాడు. వాటిని ఇంటికి తెచ్చుకుని, ఆకు తడిపి, కత్తిరించి, బీడీలు చుట్టి, కట్టలు కట్టి తీసుకెళ్ళి అప్పగించాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. కూర్చునే చోటుకు కంపెనీ అద్దె కట్టదు, లైటుకు బిల్లు కట్టదు. ఇచ్చిన ఆకు చాలకపోతే బయట కొనుక్కోవలసింది కూడా ఆమే. తంబాకు దుమ్ము ఆమెతోపాటు ఇంట్లో పసిపిల్లలూ పీలుస్తారు.

1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడిసరుకు తీసుకెళ్ళి ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా ఉద్యోగులుగా గుర్తించింది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ప్రావిడెంట్ ఫండ్ దగ్గర మళ్ళీ తగాదా వచ్చింది. మా కళ్ళెదుట పనిచెయ్యనివాళ్ళు మా ఉద్యోగులెలా అవుతారన్నది యజమానుల వాదన. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. బీడీలు బాగాలేవని ఏరి పక్కన పడేసే అధికారం యజమానికి ఉన్నప్పుడు పని మీద అజమాయిషీ కూడా అతనిదే, కాబట్టి ఇంట్లో చుట్టేవాళ్ళూ ఉద్యోగులేనని తేల్చింది.

ఈ తీర్పు విలువ ఎంతో తర్వాత తెలిసింది. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ కార్మికులకు జీవనభృతి ఇచ్చినప్పుడు పీఎఫ్ సభ్యత్వాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని చుట్టిన ఇద్దరిలో, పేరు రిజిస్టరులోకి ఎక్కినామెకు భృతి వచ్చింది. పేరు ఎక్కనామె చేతులు కూడా అంతే అరిగాయి, కానీ ఆమె పని ఎక్కడా నమోదు కాలేదు.

ఇలాంటిదే నర్సాపురం లేసు. పశ్చిమగోదావరి ఆడవాళ్ళు ఇళ్ళలో అల్లే ఆ లేసు విదేశాలకు ఎగుమతి అవుతుంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ వాళ్ళ శ్రమను అధ్యయనం చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా చూశారనీ, అందుకే అంత తక్కువ కూలి సాధ్యమైందనీ ఆమె వివరించారు. 'ఇంట్లోనే ఉంటుందిగా' అన్న చిన్న మాట కూలిని అంతగా కోసేసింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న చెల్లెళ్ళ దగ్గరకు వద్దాం. జీతం వేరు, చదువు వేరు, కులమూ వర్గమూ చాలాసార్లు వేరు. బీడీ చుట్టే అక్క కష్టమూ, వీళ్ళ కష్టమూ ఒకటేనని నేననను. అయినా 'ఇంట్లోనే ఉన్నావుగా' అన్న మాట ఇద్దరికీ ఒకటే.

ఇంటి నుంచి పనిలో లాభాలు లేవా? ఉన్నాయి. రోజుకు రెండు మూడు గంటల ప్రయాణం తప్పుతుంది. హాస్టలు ఖర్చు లేకుండా వరంగల్‌లోనో కాకినాడలోనో ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. పాలుతాగే బిడ్డ ఉన్న తల్లి, మంచాన పడ్డ అత్తనో అమ్మనో చూసుకోవలసిన మనిషి ఉద్యోగం మానుకోనక్కరలేదు. నడవలేని, చూడలేని స్త్రీలకు మన బస్సులు, మెట్లు పెట్టే బాధ తప్పుతుంది. వీటిని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు.

నష్టాలూ చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. చేసే మగవాళ్ళే తక్కువ, చేసేవాళ్ళ లెక్క కూడా ఇంతే. ఈ లెక్క మారని ఇంట్లోకి ఆఫీసును తెచ్చి పెడితే ఏమవుతుంది? భర్త తలుపు వేసుకుని మీటింగులో ఉంటాడు. భార్య వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కుక్కర్ కూత వినపడకుండా మైకు ఆపుకుంటుంది. పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో తెలియదు. ప్రమోషన్ల వేళ కంటికి కనపడేవాళ్ళే గుర్తుకొస్తారు.

పైగా అందరికీ ఇల్లు భద్రమైన చోటు కాదు. 2020 ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ గృహహింస ఫిర్యాదుల కోసం ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టవలసి వచ్చింది. కొట్టే భర్త ఉన్న స్త్రీకి ఆఫీసులో గడిపే ఎనిమిది గంటలే ఊపిరి.

ఆఫీసులో ఇంకో బలం ఉంది. అక్కడ నలుగురం కలుస్తాం. పక్కామె జీతమెంతో, మేనేజరు ఎవరితో ఎలా మాట్లాడతాడో తెలిసేది టీ దగ్గరే. కేంద్రం పీఎఫ్ సొమ్ము తీసుకోవడంపై ఆంక్షలు పెడితే, 2016 ఏప్రిల్‌లో బెంగళూరు దుస్తుల ఫ్యాక్టరీల నుంచి వేలాదిమంది స్త్రీలు రోడ్ల మీదికి వచ్చారు. రెండురోజుల్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఒకే కప్పు కింద పక్కపక్క మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు కాబట్టి కబురు అంత త్వరగా పాకింది. ఎవరి గదిలో వాళ్ళుంటే అది అంత తేలిక కాదు.

అలాగని ఆఫీసును స్వర్గమని చెప్పను. అర్ధరాత్రి షిఫ్టులు, క్యాబుల్లో భయం, లైంగిక వేధింపులు మనకు తెలిసినవే. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వాటిని ఎదుర్కోవడానికే వచ్చాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి. 2013 చట్టం పనిస్థలం నిర్వచనంలో నివాస గృహం కూడా ఉంది. రాత్రి పదకొండింటికి పని మిషతో వీడియో కాల్ చేసి వెకిలిగా మాట్లాడే మేనేజరు మీద కూడా ఫిర్యాదు చెయ్యవచ్చు.

పిల్లల విషయంలో మరో జాగ్రత్త అవసరం. 2017 ప్రసూతి చట్ట సవరణ, సెలవు తర్వాత ఇరువురూ ఒప్పుకున్న షరతులపై ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చుననీ చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి. ఈ కేంద్రం అడిగిన తల్లికి 'ఇంటి నుంచి చేసుకోమ్మా' అని జవాబొస్తే అది దయ కాదు. తన ఖర్చును ఆమె మీదికి నెట్టడం.

కాబట్టి ఏది మంచిదని అడిగితే, నిర్ణయం ఆమె చేతిలో ఉండి, ఖర్చు యజమాని మీద ఉన్నదే మంచిదంటాను. ఆ లెక్కన మనం అడగవలసినవి ఇవి:

1. ఇంటి నుంచి పని ఉద్యోగి కోరిక మీద, రాతపూర్వకంగా ఉండాలి. తిరిగి ఆఫీసుకు వస్తానంటే ఆ దారి తెరిచి ఉండాలి.
2. పనిగంటలు రాసి ఉండాలి. అవి దాటితే ఓవర్‌టైము ఇవ్వాలి, లేదా ఫోను ఎత్తనందుకు శిక్ష ఉండకూడదు.
3. ఇంటర్నెట్టు, కరెంటు, కుర్చీ బల్లల ఖర్చు యజమానిదే.
4. జీతం, ప్రమోషన్, పీఎఫ్, ప్రసూతి హక్కుల్లో తేడా ఉండకూడదు. బీడీ అయినా, లేసు అయినా, కంప్యూటరు పని అయినా పేరు రిజిస్టరులో ఉండాలి.
5. ఈ సౌకర్యం మగవాళ్ళకూ ఇవ్వాలి. ఆడవాళ్ళకే ఇస్తే పిల్లలూ వంటా మన పనేనని ముద్ర వేసినట్టే.
6. ఇంటి వద్ద పనిచేసేవాళ్ళకు ఇతర కార్మికులతో సమాన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించాలి.

ఇవన్నీ సాధించినా ఆ 299 నిమిషాల లెక్కను ఏ కంపెనీ మార్చదు. దాన్ని ఇంట్లోనే తేల్చుకోవాలి. ఈ పత్రం నకళ్ళు మీ దగ్గరున్నాయి. రేపు మీ ఆఫీసులో, మీ వాడలో కనీసం ముగ్గురితో చదివించి, వాళ్ళు చేర్చమన్నవి రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. సెలవు.