తల్లి చుట్టపుచూపుకి రాలేదు

(వ్యవసాయ కూలీ మహిళల సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్ల గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడాల్సిన సభలో ఈ టీచరమ్మ చంటిబిడ్డ పాల గురించి మాట్లాడతదేందని కొందరికి అనిపించొచ్చు. బాబాసాహెబ్‌కీ రమాబాయమ్మకీ ఐదుగురు బిడ్డలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. దక్కింది యశ్వంత్ ఒక్కడే. 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీలకు ప్రసూతి సెలవు, భత్యం ఇవ్వాలనే బిల్లు వస్తే ఆయన లేచి సమర్థించాడు. ఆడోళ్ల సంగతిలే అని ఊరుకోలేదు. మనం మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

నెలలు దగ్గరపడేదాకా మిరపకోతకి వంగే తల్లికి, ఒంట్లో రక్తం లేని తల్లికి బిడ్డ ముందే పుట్టడం, బరువు తక్కువ పుట్టడం వింతేం కాదు. 1800 గ్రాముల లోపు బిడ్డనైతే పెద్దాసుపత్రిలో పసిబిడ్డల ప్రత్యేక వార్డులో పెడతారు. ఎస్‌ఎన్‌సీయూ అని బోర్డు ఉంటది. మనం 'బాక్సులో పెట్టారు' అంటాం. ఆ మాట వినపడగానే ఇంట్లో సగం ఆశ వదిలేస్తారు. ఏడో నెల బిడ్డ బతుకుద్ది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని ముసలోళ్లు అంటారు చూడండి, అది ఒట్టి మాట. కడుపులో ఎంత ఎక్కువ కాలం ఉంటే బిడ్డకి అంత బలం.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. అందుకని ఆసుపత్రి కాయితాలన్నీ నా చేతికే వస్తయి. మా చెల్లెలి బిడ్డ 1300 గ్రాములతో పుట్టి 34 రోజులు బాక్సులో ఉంది. ఆసుపత్రి పేరు వద్దు. ఆపరేషన్ కుట్లతో మా చెల్లెలు మెట్ల కింద చాప మీద పడుకునేది. లోపల్నుంచి 'ఫలానా ఆమె బిడ్డకి పాలు' అని కేకేస్తే పిండి గిన్నెలో ఇచ్చేది. నాలుగు చుక్కలొస్తే 'ఇదేనా, పాల్లేవు, డబ్బా తెచ్చుకోండి' అనేవాళ్లు. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు అద్దంలోంచి చూపించేవాళ్లు. తండ్రికి అదీ లేదు. తల్లిని చుట్టపుచూపుకి వచ్చిన మనిషిని చేశారు. నా గొడవంతా అక్కడే.

పాల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, సిగ్గుపడకుండా వినండి. 34 వారాలు నిండని బిడ్డకి చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం రాదు. అందుకని ముక్కులోంచో నోట్లోంచో సన్న గొట్టం వేసి కడుపులోకి పాలు పోస్తారు. తేరుకున్నాక ఉగ్గుగిన్నె. ఆ తర్వాత రొమ్ము. చాలా చిన్న బిడ్డకి మొదట్లో విడతకి ఒకటి రెండు మిల్లీలీటర్లతో మొదలుపెడతారు. చెంచాలో సగం కూడా కాదు. తల్లికి ముర్రుపాలు వచ్చేదీ చుక్కలు చుక్కలుగానే. ఆ నాలుగు చుక్కలే ఆ పూటకి బిడ్డ అన్నం, బిడ్డ మందు.

పాలు చెలమలో నీళ్లలాంటివి, తోడేకొద్దీ ఊరతయి. బిడ్డ లోపల గొట్టంతో ఉన్నా సరే, కాన్పైన మొదటి గంటల్నుంచే తల్లి రోజుకి ఎనిమిది సార్లు చేత్తో పిండాలి. రాత్రి కూడా లేచి పిండాలి. గిన్నె ఉడకబెట్టి మూతపెట్టింది కావాలి. ఎవరూ కేకెయ్యలేదని పిండకుండా ఉంటే ఊట ఎండుద్ది. తర్వాత 'ఈమెకి పాల్లేవు' అని ముద్ర. పాలు లేక కాదు, పిండమని చెప్పే మనిషి లేక.

డబ్బా పాలు ఇందుకు మారు కాదు. నెలలు నిండని బిడ్డ పేగు చాలా లేత. డబ్బా పాలతో ఆ పేగు చెడే జబ్బు ఎక్కువ, తల్లిపాలతో తక్కువ. డబ్బా పాలకీ పాలసీసాలకీ ప్రచారం చెయ్యకూడదని 1992లోనే చట్టం వచ్చింది. తల్లికి నిజంగానే రాకపోతే, వేరే తల్లులిచ్చిన పాలను శుద్ధిచేసి ఇచ్చే పాలబ్యాంకులున్నాయి. బొంబాయి సయాన్ ఆసుపత్రిలో 1989లో పెట్టారు, హైదరాబాదు నీలోఫర్‌లో 2017లో. ఆ సీసాల మీద కులం రాసుండదు.

ఇక లోపలికి రానివ్వడం. 'మీరొస్తే జబ్బులొస్తాయి' అంటారు. ఈ మాట మనకి కొత్త కాదు, బావి దగ్గరా విన్నాం, గుడి దగ్గరా విన్నాం. కానీ ఒకటి గుర్తుంచుకోండి. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమనడం, గాజులు ఉంగరాలు తీయమనడం, జలుబు జ్వరం ఉంటే ఆగమనడం అంటరానితనం కాదు. డాక్టరైనా కడుక్కోవాల్సిందే. మనమూ కడుక్కుందాం, గట్టిగా కడుక్కుందాం. కడుక్కున్నాక కూడా ఆపితే అప్పుడు అడగాలి.

ఏమని అడగాలి? 2021లో ఒక పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చాయి. మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఇంకా ఆఫ్రికాలో నాలుగు దేశాల ఆసుపత్రులు. 1000 నుంచి 1800 గ్రాముల లోపు బిడ్డల్ని పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకి ఆనించి, తల్లి మంచం బిడ్డ పక్కనే వేసి చూశారు. బిడ్డ కుదుటపడ్డాకే తల్లికి ఇచ్చే పాత పద్ధతిలో నెల లోపల నూటికి దాదాపు 16 మంది పోతే, ఈ పద్ధతిలో 12 మంది. రక్తంలో చీము చేరే జబ్బు కూడా తగ్గింది. తల్లి వస్తే జబ్బొస్తదన్న మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి? బిడ్డని ఇట్టా ఒంటికి కట్టుకోవడం 1978లో కొలంబియా దేశంలో బాక్సులు చాలక మొదలుపెట్టారు. పేదల ఆసుపత్రిలో పుట్టిన వైద్యం అది. రోజుకి కనీసం 8 గంటలు చెయ్యమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తండ్రైనా చెయ్యొచ్చు, అమ్మమ్మైనా చెయ్యొచ్చు. చొక్కా విప్పి బిడ్డని గుండెకి పెట్టుకుంటే మగతనం ఏం పోదు.

తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చి, పాలు పట్టడం, బిడ్డని చూసుకోవడం నేర్పాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో మార్గదర్శకాలిచ్చింది. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో జబ్బు బిడ్డకి మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితం. మొదట 30 రోజుల వరకు అన్నారు, 2014లో ఏడాది వరకు పెంచారు. అదే కాయితంలో తల్లికి భోజనం మామూలు కాన్పుకి 3 రోజులు, ఆపరేషన్‌కి 7 రోజులు అని ఉంది. బిడ్డ నెల రోజులు లోపలుంటే ఎనిమిదో రోజు నుంచి తల్లి ఏం తినాలి? పాలెట్టా రావాలి? బిడ్డ ఉన్నన్నాళ్లూ తల్లికి తిండి, మంచం ఇవ్వాలని మనం రాసివ్వాలి. అడిగేది నర్సమ్మని కాదు. ఆమె ఒక్కతే ఎంతమంది బిడ్డల్ని చూడగలదు? ఊడ్చే ఆమె వంద అడుగుతుందని తిడతాం, ఆమె కూడా మన వాడ మనిషే, కాంట్రాక్టు జీతం సరిగ్గా అందని మనిషే. అడగాల్సింది సూపరింటెండెంటుని, కలెక్టర్ని.

మన ఇళ్లల్లోనూ చెప్పుకోవాల్సింది ఉంది. బాలింతకి మంచినీళ్లు పొయ్యకుండా ఎండగట్టడం, పదకొండు రోజులు మైల అని ఆసుపత్రికి పంపకపోవడం, ముర్రుపాలు పిండి పారబొయ్యడం. ఈ మైల ఎవరు నేర్పారు మనకి? మనల్నే మైల అన్నోళ్లు నేర్పింది మనం పాటిస్తామా? ఆమెకి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండా పెట్టండి, నీళ్లు తాగనియ్యండి.

మన పైవాడ కోడలు పన్నెండు రోజులుగా పెద్దాసుపత్రిలో ఉంది, బిడ్డ బాక్సులో ఉంది. మొగుడికి రోజూ పోతే కూలి పోద్ది, పోకపోతే బువ్వ చేరదు. ఇంటికి సోలెడు బియ్యం, పది రూపాయలు ఇవాళే రాయించండి. పెద్దపిల్లని మా ఇంట్లో ఉంచుతాను, బడి మానదు. అర్జీ రాసి తెచ్చాను, సంతకాలు, వేలిముద్రలు పడాలి. రేపు ఆరుంబావు బస్సుకి ఇద్దరు ఆడోళ్లు నాతో రావాలి. ఎవరొస్తారో చేతులెత్తండి.