మన యెంగిలి, మన బిడ్డల పండ్లు



ఈ సభలో లాలాజలమును గూర్చి ప్రసంగింతుమని చెప్పగా కార్యవర్గమువారిలో కొందఱు నవ్విరి. ఒక పెద్దాయన “ఎంగిలి ముచ్చట సభల ఎందుకయ్యా?” అని మందలించిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. ఒకరు కఱచుకొని త్రాగిన లోటాను కడుగనిదే మఱియొకరు ముట్టని ఇండ్లు మనవి. అట్టి మనము ఉమ్మిని గొట్టములో పట్టి పరాయివారి చేతికిచ్చుట చిన్న సంగతి కాదు. అయినను మగ్గము ముందు తెగిన పోగును అతుకునప్పుడు వ్రేలిని నాలుకకు తాకించుటకు మనవారెవ్వరును సంకోచింపరు.

గారపండ్ల సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. 1937లో శార్టు మున్నగు వైద్యులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరోసిసు వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. 1955లో సిద్దీఖీగారు మన నల్లగొండ జిల్లా రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసిరి. పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1975 ప్రాంతమున ప్రకటించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఊళ్ల పేర్లు కీర్తివలన వ్యాపించును. మన జిల్లా పేరు రోగమువలన వ్యాపించినది! పండ్లు చూచి సంబంధము తిరిగిపోయిన ఇండ్లు మన సంఘములో లేవా? నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వు ఆడుబిడ్డలు లేరా?

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పిదప నది నీరు గొట్టముల వెంట ఇండ్లకు వచ్చుచున్నది. ఆ జిల్లా విభజింపబడి మన రామన్నపేట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినదియు ఆ యేడే. బోరునీరు త్రాగి పెరిగిన తల్లియు, నదినీరు త్రాగుచున్న బిడ్డయు నేడు ఒకే కప్పు క్రింద నున్నారు. పంటిమీది గార చిన్ననాటి నీటి గుర్తు. పంటిపొర యేర్పడు ఎనిమిదేండ్లలోపు వయస్సున పడిన మచ్చ మఱి పోదు. లాలాజలము అట్లు కాదు. అందలి ఫ్లోరైడు నెత్తుటిలోని హెచ్చుతగ్గులను చాలవఱకు అనుసరించును గనుక అది నేటి సంగతిని తెలుపును. పంటిని గట్టిపఱచు సున్నపు సారమును భాస్వరమును కూడ అందే కలవు. ఈ తల్లుల లాలాజలమును ఈ బిడ్డల లాలాజలమును ఇప్పుడు దాచనిచో ఇరువదియేండ్ల తరువాత ఎంత ధనము పోసినను దొరకదు.

ఇచ్చుట యెట్లనిన: ఉదయమున, తిని కనీసము గంటయైన పిదప, వక్కాకు పొగాకులు లేకుండ, నీటితో పుక్కిలించి కొంతసేపు ఊరకుండవలెను. తరువాత తల వంచి, నోట ఊరిన దానిని అయిదు నిమిషములు గొట్టములోనికి జాఱవిడువవలెను. కాఱి ఉమ్మరాదు. క్షయ పరీక్షకు ఇచ్చునది తెమడ, ఇది వేఱు. ఈ భేదము తెలియకనే మనవారు బెదరుచున్నారు. ఫ్లోరైడు కొలుచుటకు గాజు తగదు, ప్లాస్టిక్కు గొట్టమే కావలెను. వెంటనే మంచులో నుంచి, ప్రయోగశాలలో గిరగిర త్రిప్పి మడ్డిని వేఱుచేసి, తేటను చిన్న చిన్న గొట్టములకు పంచి, సున్నకు దిగువ 80 డిగ్రీల చలిలో దాచుదురు. చిన్న గొట్టములెందుకనిన, ఒకమాఱు కరగినదానిని మరల మరల గడ్డకట్టించిన అందలి మాంసకృత్తులు చెడును. కరెంటు పోయిన సంవత్సరముల శ్రమ ఒక పగటిలో కరగిపోవును. కావున ఇది ఊరి దవాఖానాలో సాగు పని కాదు.

ఇక మా మనసులోని ముల్లు. కొన్నేండ్ల క్రిందట ఎవరో వచ్చి మా వాడలో పిల్లల పండ్లు చూచి, నోట దూది పెట్టి తీసికొనిపోయిరి. ఏమి తేలినదో నేటికిని చెప్పినవారు లేరు. “మా పిల్లగాండ్ల పండ్లు పుస్తకాల కెక్కెనేమొ, మాకైతే ఎఱుక కాలె” అని ఒక తల్లి మాతో అనెను. అందుచేత ఊరక ఇయ్యుడని మేము చెప్పము. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన నియమములనుబట్టి, ఎందుకు తీసికొందురో మన భాషలో చెప్పి సమ్మతి పొందవలెను. పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెను. వలదనుకొన్నవారు తరువాతనైనను మానుకొనవచ్చును. ఉమ్మిలో బుగ్గ లోపలి కణములుండును, వానిలో వంశలక్షణములుండును. పండ్లకని తీసికొన్నదానిని కులపరీక్షకు వాడుటకు మేమొప్పము. గొట్టముమీద పేరు వలదు, అంకె చాలును. తేలిన ఫలితమును ఇదే సంఘము ముందు తెలుగులో చదువవలెను.

చేరువనున్న నార్కట్‌పల్లిలో దంతవైద్య కళాశాల కలదు. ఈ షరతులతో వారికొక లేఖ వ్రాయుటకు సభవారి అనుమతి కోరుచున్నాము. వారంగీకరించినచో మొదటి గొట్టము మా యింటినుండియే నిండును. మా తల్లిగారు ఒప్పుకొనిరి గాని, వక్క మానుటకు మాత్రము ఒక్క పూట గడువడిగిరి.