పూల పెద్ది గుమ్మంలో

 

పిల్లలూ, బాలనాగమ్మ కథ ఎందరికి తెలుసు? చేతులెత్తండి. ఇంతమందేనా! బుర్రకథల్లో ఊరూరా తిరిగి, 1942లో కాంచనమాలతో జెమినీ వారి సినిమాగా కూడా వచ్చిన కథ అది. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు. ఉయ్యాలలోని కొడుకు బాలవర్ధిరాజు పెద్దమ్మల చేతుల్లో పెరిగి, మీసమైనా రాకముందే తల్లి కోసం బయలుదేరుతాడు.

తండ్రీ పెదతండ్రులూ అంతకుముందే సైన్యంతో పోయి రాళ్లయిపోయారు. కత్తులకు వాళ్లకేం కొదవ? ఈ పిల్లవాడు మాత్రం పూలమ్మే తంబళి పెద్ది గుమ్మంలో నిలబడ్డాడు. ఆమెకు మనవడయ్యాడు. పూలదండతోనే తల్లికి కబురంపాడు. ఏడు సముద్రాల అవతలి చిలుకలో ఫకీరు ప్రాణముందని తెలిసింది ఆ తర్వాతే. ఇల్లు విడిచిన నాడు వాడికి చిలుక సంగతే తెలియదు.

అట్లాంటి గుమ్మం నాకూ ఒకటి దొరికింది. నా మొదటి ఉద్యోగం చేర్యాల వైపు ఒక పల్లెలో, తెలుగు పంతులుగా. పాఠాలన్నీ రాసిపెట్టుకుని పోయాను. పత్తి ఏరే రోజులు. బడిలో పిల్లలే లేరు. వారం రోజులు ఖాళీ బల్లల ముందు కూర్చున్నాను. చివరికి బడి ఊడ్చే అవ్వను అడిగితే, "పొద్దుగాల చెల్కకు రా సారూ, చూపిస్త" అన్నది. వెంట పోయాను. ఏ పిల్ల ఎవరి బిడ్డో, ఏ ఇంట్లో ఏం కష్టముందో చేనుగట్ల మీద నడుస్తూ చెప్పింది. నా బీఈడీలో ఆ పాఠం లేదు. పై సోమవారం తొమ్మిది మంది వచ్చారు.

నాకున్న బెంగ ఒక్కటే. చదువైపోయిన పిల్లలను ఏం చేస్తున్నవు బిడ్డా అని అడిగితే, "ఇంకా ప్రిపేర్ అవుతున్న సార్" అంటారు. చదవండి, వద్దనను. కానీ నాలుగేళ్లు గదిలో తలుపేసుకుని, ఎదురింటి ముసలామె పేరు కూడా తెలుసుకోకపోతే ఎట్లా? అడగడానికి నామోషీ ఎందుకు? నాకు కోపం వస్తుంది, చెప్తున్నా! మీ మీద ప్రేమ ఉంది కనుకనే వస్తుంది.

ఈ స్నాతకోత్సవపు గౌన్లు తిరిగిచ్చి, ఫోటోలు దిగి, ఇళ్లకు పోండి. రాత్రి అన్నం తిన్నాక మీ నాయనమ్మ పక్కన కూర్చుని ఈ కథ చెప్పించుకోండి. ఆ చిలుకను ఎట్లా పట్టాడో నేను చెప్పను. ఆమెను అడగండి.