మూత్రపిండములు - రక్తపుపోటు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందలి ప్రసంగ పాఠము)



రక్తపుపోటు గుండెకు సంబంధించిన వ్యాధియని మనలో పెక్కుమంది భావింతురు. అది మూత్రపిండములనుండియు పుట్టవచ్చును. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున హారీ గోల్డ్‌బ్లాట్ అను శాస్త్రజ్ఞుడు, కుక్కల మూత్రపిండములకు రక్తము తెచ్చు ధమనులను చిన్న వెండి బిగింపుతో ఇరుకు చేసి, వాని రక్తపుపోటు పెరిగి నిలిచిపోవుటను లోకమునకు తెలిపెను.

ఇది ఎట్లు జరుగునో కాలువ క్రింద సేద్యము చేయువారు సులభముగా గ్రహింపగలరు. శివారు రైతు తూములో చెత్త అడ్డుపడి నీరు తగ్గినది. కాలువలోనే నీరు లేదనుకొని అతడు పైకి ఫిర్యాదు చేసెను. పైవారు తూము చూడక కాలువ మట్టమునే పెంచిరనుకొనుడు. గట్లన్నింటిపైన బరువు పడును గదా! మూత్రపిండము చేయునదియు ఇదియే. తనకు రక్తము చాలనప్పుడు రెనిన్ అను పదార్థమును వదలును. దానివలన యాంజియోటెన్సిన్ పుట్టి, శరీరమంతటను సూక్ష్మ ధమనులను బిగించును. ఉప్పును, నీటిని బయటికి పోనీయక నిలువ చేయించును.

ఇక రక్తనాళముల సంగతి. మొదట వాని గోడలలోని కండరము ముడుచుకొనును, అంతియే. కారణము తొలగినచో మరల సడలును. కాని పోటు దీర్ఘకాలము నిలిచినచో ఆ కండరము, బరువులు మోయు హమాలీ భుజమువలె, దళసరియగును. లోపలి దారి ఇరుకుగనే ఉండిపోవును. ఒక గొట్టపు వ్యాసము సగమైనచో, అదే ఒత్తిడిమీద ప్రవాహము 16వ వంతునకు దిగును. గుండె ఎంత శ్రమపడవలెనో ఊహింపుడు. మూత్రపిండములలోని సూక్ష్మనాళములును ఇట్లే చెడును; అవి చెడినకొలది పోటు ఇంకను పెరుగును. ఎలుకలపై జరిగిన తరువాతి పరిశోధనలలో, బిగింపును ఆలస్యముగా తీసినప్పుడు పోటు అన్నివేళల దిగలేదు.

యాంజియోటెన్సిన్ పుట్టుకను అడ్డగించు మాత్రలు నేడు కలవు. (వానిలో మొదటిదానికి దారి చూపినది బ్రెజిల్ దేశపు ఒక సర్పవిషము!) అయితే రెండు మూత్రపిండముల ధమనులును ఇరుకైనవారికి ఇవి హాని చేయవచ్చును గనుక వైద్యుని సలహా లేక వాడరాదు.

పోటు పెరిగినను చాలమందికి ఏ బాధయు తెలియదు. కావున 30 ఏండ్లు దాటిన ప్రతివారికి కొలిపింపుడు. పదేపదే 140/90 దాటినవారిని, మధుమేహము కలవారిని మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్షలకు పంపుడు. నాట్లు, కోతల దినములలో ఒళ్ళునొప్పులకని వైద్యుని చీటీ లేక కొను మాత్రలలో కొన్ని మూత్రపిండములను చెరచి పోటును పెంచును. మీ ఊరిలో వానిని ఎవరు అమ్ముచున్నారో మీకే బాగుగా తెలియును. పోటు తగ్గినదని మాత్రలు మానివేసినవారు కూడ ప్రతి వీధిలోను ఉందురు. ముందుగా వారి యింటికి వెళ్ళుడు.