విశ్రాంత జీవితము – అమెరికా కార్మికుల అనుభవమునుండి మనకు పాఠములు

(శతవార్షికోత్సవ సందర్భమున విశ్రాంత ఉద్యోగుల కూడికలో చేసిన ప్రసంగము)



ఈ కూడికలో కూర్చున్నవారిలో బడిపంతుళ్లుగాను, నర్సులుగాను, రైల్వేలోను, తపాలా శాఖలోను పనిచేసి విశ్రాంతి పొందినవారు అనేకులున్నారు. మీలో కొందరి బిడ్డలు నేడు అమెరికా దేశమున ఉన్నారు. ఆ దేశమునకును మన తెలుగు సంఘములకును పాత బంధమున్నది. 1842లో గుంటూరునకు వచ్చిన హయ్యర్ అయ్యగారిని పంపినవారు పెన్సిల్వేనియా రాష్ట్రపు లూథరన్ సంఘములవారే. అచ్చటి సామాన్య విశ్వాసుల కానుకలు సముద్రము దాటి మన యొద్దకు వచ్చినవి. అట్టి పనివారి మనుమలు, మునిమనుమలు ముసలితనమున తమ బ్రతుకును ఎట్లు తలపోసికొనుచున్నారో నేడు కొంత ఆలోచింతము.

ఇందుకై ఒక మనుష్యుని ఊహించుకొందము. అతడు 1935లో ఒహాయో రాష్ట్రమందలి యంగ్స్‌టౌన్ పట్టణమున పుట్టినాడనుకొందము. అది ఉక్కు మిల్లుల పట్టణము. అతడు పుట్టిన సంవత్సరముననే, ఆగష్టు 14వ తేదీన, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడు సోషల్ సెక్యూరిటీ చట్టముపై సంతకము చేసెను. పనిచేయు కాలమున కూలివాడును యజమానుడును చెరికొంత చెల్లింపగా, వృద్ధాప్యమున నెలనెలా భృతి నిచ్చు ఏర్పాటు ఇది. 1940 జనవరిలో మొదటి నెలసరి చెక్కు వెర్మాంట్ రాష్ట్రమందలి ఐడా మే ఫుల్లర్ అను స్త్రీకి ముట్టెను. దాని మొత్తము 22 డాలర్ల 54 సెంట్లు. ఈ చట్టమును సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షురాలు కార్మిక మంత్రిణి ఫ్రాన్సిస్ పెర్కిన్స్. ఆమె ఎపిస్కోపల్ సంఘపు భక్తురాలు. మంత్రిణిగా ఉన్న దినములలోను ప్రార్థనకై కన్యకల మఠమునకు వెళ్లి మౌనముగా గడపుచుండెడిది. ప్రార్థన గదికిని కూలివాని పింఛనుకును సంబంధమున్నదని ఆమె జీవితము చూపుచున్నది.

మన మనుష్యుడు పదునెనిమిదవ యేట, 1953లో, మిల్లులో చేరెను. అవి మంచి దినములు. 1950లో మోటారు కార్ల కార్మిక సంఘమును జనరల్ మోటార్స్ కంపెనీయు చేసికొనిన ఒడంబడికలో పింఛనును వైద్యపు ఖర్చును చేరినవి. ఇతర పరిశ్రమలలోను అట్టి ఏర్పాట్లు వ్యాపించెను. గొప్ప చదువు లేని వాడును చేతిపనితో ఇల్లు కట్టుకొని, కారు కొని, పిల్లలను చదివింపగలిగెను. "నీవు నమ్మకముగా పనిచేయుము, కడవరకు మేము నిన్ను చూచుకొందుము" అను మాట కంపెనీకిని కార్మికునికిని మధ్య ఉండెను.

ఆ మాట మొదట బీటలు వారినది 1963 డిసెంబరులో. ఇండియానా రాష్ట్రమందలి సౌత్ బెండ్‌లోని స్టూడిబేకర్ కార్ల కర్మాగారము మూతపడెను. పింఛను నిధిలో చాలినంత డబ్బు లేదు. అరువది యేండ్లు నిండినవారికి పూర్తిగా దొరకెను. నలువదికిని అరువదికిని మధ్య వయస్సుగల సుమారు 4,000 మందికి రావలసిన దానిలో నూటికి 15 వంతులు మాత్రమే దొరకెను. అంతకన్న చిన్నవారికి ఏమియు లేదు. ఇట్టి అన్యాయములను చూచియే 1974లో పింఛనులను కాపాడు చట్టమును చేసిరి.

యంగ్స్‌టౌన్‌కు శ్రమదినము 1977 సెప్టెంబరు 19, సోమవారము. క్యాంప్‌బెల్ ఉక్కు మిల్లును మూయుచున్నామని ప్రకటన వెలువడెను. దాదాపు 5,000 మంది పని పోయెను. దానిని వారు నేటికిని "నల్ల సోమవారము" అనియే చెప్పుకొందురు. మన మనుష్యునికి అప్పుడు నలువది రెండేండ్లు. క్రొత్త పని నేర్చుటకు వయస్సు ఎక్కువ, విశ్రాంతి తీసికొనుటకు తక్కువ.

ఇచ్చట సంఘము చేసిన పని మనము గుర్తుంచుకొనదగినది. ఆ పట్టణపు రోమన్ కతోలిక బిషప్పు జేమ్స్ మలోన్, ఒహాయో ఎపిస్కోపల్ బిషప్పు జాన్ బర్ట్ మొదలగు నాయకులు శాఖాభేదములు ప్రక్కనబెట్టి ఏకమైరి. వేలమంది కూడు పోగొట్టు నిర్ణయము లెక్కల పుస్తకమునకు మాత్రమే సంబంధించినది కాదు, అది నీతికి సంబంధించినది అని సంఘములకు లేఖ వ్రాసిరి. మిల్లును ఊరివారే కొని నడుపవలెనని, విశ్వాసులు తమ పొదుపు సొమ్మును ఆ పనికై బ్యాంకులలో ప్రత్యేకముగా ఉంచవలెనని కోరిరి. అనేకులు ఉంచిరి. అయితే 1979లో కేంద్ర ప్రభుత్వము అప్పునకు హామీ ఇయ్య నిరాకరించెను. ప్రయత్నము నెరవేరలేదు. అయినను తమ దుఃఖదినమున గురువులు తమ గుమ్మము దగ్గర నిలిచిరని ఆ ప్రజలెరుగుదురు. ఫలము దొరకని సేవ వ్యర్థమైన సేవ కాదని మా నమ్మకము.

ఆ తరువాత అమెరికా ఆర్థిక జీవితము రూపు మారెను. 1979లో కర్మాగారములలో పనిచేయువారు సుమారు కోటి 95 లక్షలుండగా, 2010 నాటికి కోటి 15 లక్షలకు తగ్గిరి. విదేశపు సరుకులు వచ్చెను. యంత్రములు మనుష్యుల పని చేయసాగెను. ఆసుపత్రులలో, దుకాణములలో, కంప్యూటరు సంస్థలలో క్రొత్త పనులు పుట్టెను. 1978 నాటి పన్నుల చట్టములోని ఒక చిన్న సెక్షను నుండి 401(కె) అను పొదుపు పద్ధతి వచ్చెను. దానిలో ఉద్యోగి తన జీతములో కొంత మినహాయించుకొని షేర్లలోను బాండ్లలోను పెట్టుకొనును. యజమానుడు కొంత కలుపవచ్చును. పాత పింఛనులో నష్టభయము కంపెనీది. దీనిలో నష్టభయము ఉద్యోగిది. 2008లో షేర్ల విలువ మూడవ వంతుకు మించి పడిపోగా, ఆ యేడు విశ్రాంతి పొందవలసినవారు ఎందరో మరల పనికి వెళ్లవలసివచ్చెను. 1983 చట్టమువలన పూర్తి భృతి పొందు వయస్సును 1960లోను ఆ తరువాతను పుట్టినవారికి 65 నుండి 67కు పెరిగెను.

ఇది దూరదేశపు కథ అనుకొనవద్దు. 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగములలో క్రొత్తగా చేరినవారికి, సైనికులకు తప్ప, పాత పింఛనుకు బదులు చందా పద్ధతి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రపు ఉద్యోగులకును అట్టిదే వచ్చెను. ఒకే బడిలో పనిచేసిన తండ్రికి ఒక విధమైన సాయంకాలము, కుమారునికి మరియొక విధమైన సాయంకాలము.

ఇక అమెరికాలో ఉన్న మన బిడ్డల మాట. హెచ్-1బి వీసాపై ఉన్నవానికి పని పోయినచో, సాధారణముగా 60 దినములలోపల వేరొక యజమానుని వెదకుకొనవలెను, లేదా వేరొక వీసాకు మారవలెను, లేనియెడల దేశము విడువవలెను. ఇంటి అప్పు, పిల్లల బడి, ఇచ్చటి తలిదండ్రుల మందులు అన్నియు ఆ 60 దినములలో ఇమిడియుండును. అట్టి బిడ్డడు ఫోనులో "బాగున్నాము నాన్నగారూ" అనియే చెప్పును. తండ్రి గుడిలో "మావాడు అమెరికాలో ఉన్నాడు" అనియే చెప్పును. ఇద్దరును ఒకరినొకరు కాపాడుకొనుచున్నామనుకొని ఇద్దరును ఒంటరిగా మోయుదురు. ప్రార్థన కూడికలలో "ఒక ప్రత్యేకమైన అక్కర" అని మాత్రమే చెప్పి కూర్చుండువారిని మేము చూచుచున్నాము. పని పోవుట పాపము కాదు. దానిని దాచవలసినంత సిగ్గు మన సంఘములో ఉన్నచో, ఆ సిగ్గు మాత్రము మనము విడువవలసినది.

ద్రాక్షతోట పనివారి ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. సాయంకాలము వరకు సంత వీధిలో నిలిచినవారు సోమరులు కారు. వారిని ఎవరును కూలికి పిలువలేదు. యజమానుడు వారి ఇంటి అక్కరను చూచెను గాని గంటలను మాత్రమే లెక్కింపలేదు. మనము మనుష్యుని విలువను అతని జీతముతో కొలిచినంత కాలము ఈ ఉపమానము మనకు అర్థము కాదు.

సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయములో లేవీయుల విశ్రాంతిని గూర్చిన కట్టడ యున్నది. ఏబది యేండ్లు నిండినవాడు గుడారపు బరువు పని మానవలెను. అయితే తన సహోదరులకు తోడుగా ఉండి సహాయము చేయవలెను. బరువు దింపిరి గాని మనుష్యుని త్రోసివేయలేదు. విశ్రాంతి అనగా ఇదియే.

కావున పెద్దలారా, మూడు మనవులు. మొదటిది, ఈ దినముననే మీ బిడ్డలకు ఫోను చేసి, "పని ఉన్నను లేకున్నను నీవు మా బిడ్డవే, నిజము చెప్పుము" అనుడి. రెండవది, పని పోయిన ఇంటికి చావు ఇంటికి వెళ్లినట్లే సంఘముగా వెళ్లుడి. ఆ నెల బియ్యమును, బడి ఫీజును గూర్చి అడుగుడి. మూడవది, మీ పింఛను కాగితములు, పొదుపు లెక్కలు తెలిసిన మీరు, ఇప్పుడు ఉద్యోగములో ఉన్న యౌవనస్థులకు నెలకొకసారి కూర్చుండి వాటిని నేర్పుడి. చందా పద్ధతిలో ఉన్నవానికి మొదటి పదియేండ్ల పొదుపే ముసలితనపు అన్నము.

దొరలు కట్టించిన గుడిలో మనము నూరేండ్లు ఆరాధించితిమి. ఆ కానుకల వెనుక పనివారి చేతులున్నవి. పని దొరకనివానికిని, పని ముగించినవానికిని ఈ గుడిలో చోటు ఉండునట్లు చూచుటయే ఆ ఋణము తీర్చుట.

పనిదినమును విశ్రాంతిదినమును మనకు దయచేసిన దేవుడు మనలను, సముద్రమునకు ఆవల ఉన్న మన బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.