ఒక పాట, మూడు ప్రశ్నలు

ఆరాధనలో ఉచితంగా పాడుకునే పాటను ఇంటర్నెట్‌లో ప్రసారం చేయాలంటే అనుమతి ఎందుకు కావాలి? అమెరికా నుంచి ఒక ఉదాహరణ చూద్దాం.

‘టర్న్! టర్న్! టర్న్!’ పాటలోని మాటలు దాదాపు అన్నీ బైబిల్‌లోని ప్రసంగి గ్రంథానివి. 1950ల చివర్లో పీట్ సీగర్ వాటికి బాణీ కట్టారు. 1965లో బర్డ్స్ అనే రాక్ బృందం పాడగా అది అమెరికాలో ప్రథమ స్థానం పొందింది. ప్రాచీన వాక్యాలు అందరివీ. బాణీ మాత్రం సీగర్ సృష్టి, దానికి కాపీరైటు ఉంది. బర్డ్స్ రికార్డుకు వేరే హక్కు ఉంది.

ప్రార్థనా స్థలంలో, ఆరాధన సమయంలో పాడటానికి అమెరికా 1976 కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది. ఇది ప్రసారానికి వర్తించదు. 2020లో కోవిడ్ వల్ల చర్చిలు మూతపడి ఆరాధన తెరమీదికి మారినప్పుడు, చిన్న సంఘాలు కూడా లైసెన్సుల గురించి ఆలోచించవలసి వచ్చింది. తామే పాడి ప్రసారం చేస్తే బాణీ హక్కుదారుల అనుమతి కావాలి. రికార్డు వినిపిస్తే దాని యజమాని అనుమతి కూడా కావాలి.

కనుక ప్రసారానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: మాటలు ఎవరివి? బాణీ ఎవరిది? రికార్డు ఎవరిది? ఒకదానికి జవాబు దొరికితే మిగిలిన రెండూ తేలిపోయినట్టు కాదు.